పద్నాలుగు

చెప్పకుండా వచ్చేసినానని
వాళ్ళు రిజిస్టర్ పోస్టులో చెప్పి పంపినారు.
గ్రీమ్స్‌పేటలో మా వాకిట్లో పోస్టుమాను
సంతకం చెయ్యమంటే
దోసెపిండి చేత్తోనే చేసినాను.
కవరు మీద ఇప్పటికీ ఆ మరక ఉంది.

"నియామక పత్రం పద్నాలుగో క్లాజు ప్రకారం
మూడు నెలలు ముందుగా తెలియజేయక
విధులు విడిచిపోయిన కె. ఢిల్లీరాణి అను మీరు..."

అంత మర్యాదగా నన్ను
ఆ ఫ్యాక్టరీలో ఒక్కరూ పిలిచింది లేదు.
అక్కడ నేను ల్యాబ్ పాపని,
ముప్పై నాలుగేళ్ళ పాపని.

మూడు నెలల జీతం,
తిరిగివ్వని తెల్లకోటు, పగిలిన గాజు సామాను,
వెరసి యాభై ఏడు వేల నాలుగు వందలు.
నా డిగ్రీ సర్టిఫికెట్టు వాళ్ళ బీరువాలో.
(కోటు మేకుకే తగిలించి వచ్చినాను. దేవుడి తోడు.)

కోర్టు ఎదురుగా జెరాక్సు అంగడి మిద్దె మీద
చెంగల్రాయులు వకీలు అడిగినాడు:
"ఎందుకొచ్చేసినావమ్మా? ఒక్క వాక్యంలో చెప్పు."

ఒక్క వాక్యంలో.

జూన్ నెల, మూడో షిఫ్టు.
రేటు తెగక తోతాపురి లారీలు
పలమనేరు రోడ్డు పొడుగునా మూడు రోజులుగా నిలబడి,
అడుగు కాయల రసం కారి
తారు మీద ఈగలు అతుక్కుపోయి.
గుజ్జు చుక్క అద్దం మీద వేసి
ట్యూబులైటుకేసి చూస్తే పదకొండున్నర.
సూపర్‌వైజరు నా భుజం మీదుగా తొంగి చూసి
"పద్నాలుగు రాయి పాపా,
డబ్బాకేమన్నా నాలుక ఉంటుందా" అన్నాడు.
పెన్నుకు మూత పెట్టినాను.
వాచ్‌మన్ దొరసామి అవుట్‌పాసు కూడా అడగలేదు,
కడుపునొప్పి అనుకున్నాడు.

వకీలు కుర్చీలో ముందుకు జరిగినాడు.
"భలే పాయింటు! ఆ రిజిస్టరు కోర్టుకు తెప్పిస్తాం."

వద్దు సార్.
తెప్పిస్తే అంతకు ముందు రెండు సీజన్లూ వస్తాయి.
పేజీకి ఇరవై వరసలు,
పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగుంబావు,
నమ్మకం కోసం అక్కడక్కడా ఒక పదమూడు ముప్పావు,
అన్నీ గుండ్రంగా, నా చేతిరాతలో,
అడుగున నా సంతకం.
ఆ ఒక్క రాత్రి పెన్ను ఎందుకు మొరాయించిందో
నాకే తెలీదు.

ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి
గుమాస్తాతో
"వ్యక్తిగత కారణాల వల్ల" అని కొట్టించినాడు.

ఇంకోటి కూడా రాయమన్నాను సార్ని.
సీజను అయిపోయిన సాయంత్రం
గేటుకాడ నల్లపలక మీద సుద్దముక్కతో
"రేపట్నించి పని లేదు" అని రాస్తారు.
కాయలు కోసే ఆడోళ్ళు నూట ఎనభై మంది
క్యారియర్లు చంకనేసుకోని నిలబడి చూస్తారు.
చదువొచ్చినోళ్ళు రానోళ్ళకు చదివి చెప్తారు.
వాన పడితే అది కూడా కారిపోతుంది.
ఆ పలకది ఎన్నో క్లాజు సార్?

"అది మన కేసుకు సంబంధం లేదమ్మా."

నాలుగో వాయిదాకు
కంపెనీ తరఫున ప్రభంజన్ వచ్చినాడు,
హెచ్చార్ పిల్లోడు, మీసాలు ఇంకా కుదురుకోలేదు.
ఉన్నది ఒకటే బెంచీ, కానుగ నీడ.
వాడి ఒళ్ళో ఫైలు,
ఫైలులో నా పెండ్లికి ముందు ఫోటో.
టీ ఇప్పించినాడు. వద్దనలేదు.

చుట్టూ చూసి గొంతు తగ్గించి
"అక్కా, శ్రీసిటీలో ఆఫరొచ్చింది,
పదో తేదీ చేరమంటా ఉండారు.
చెప్పకుండా పోతే
నోటీసు ఎన్నాళ్ళకొస్తుంది?"

"నాకు ఇరవై రెండు రోజులకొచ్చింది.
అయినా అవి టైపు చేసేది నువ్వే గదా?"

"నేనే అక్కా," అని
ఖాళీ టీ కప్పులోకి చూస్తా ఉండిపోయినాడు.
"నాది ఎవురు చేస్తారో."

లోపలినించి బంట్రోతు
నా పేరు పిలిచినాడు, మూడుసార్లు,
రాజధానిని పిలిచినట్టు.
ఇద్దరం లేచినాం.